ఒళ్లు తప్పు కాదు, కొలత చాలలేదు

(కుట్టుపని నేర్చుకునే మహిళల కోసం ప్రసంగ పాఠం)



ఈ రోజు మాట్లాడుకునేది ప్యాంటు గురించి. ఆడవాళ్లు కుర్తా కింద వేసుకునే ప్యాంటు గురించి. కాలేజీకి పోయే పిల్ల వేసుకుంటుంది. ఆఫీసుకు పోయే అమ్మాయి వేసుకుంటుంది. స్కూటీ నడిపే అక్క వేసుకుంటుంది. అందుకే కుట్టుమిషను ఉన్న ఇంటికి ఈ పని వస్తోంది.

కానీ పని వచ్చినా చాలామంది తీసుకోరు. "జాకెట్టు కుడతాగానీ ప్యాంటు మాత్రం నా వల్ల కాదమ్మా" అంటారు. ఎందుకంటారు? ఎప్పుడో ఒకసారి కత్తిరించి ఉంటారు. అది సీటు దగ్గర పట్టేసి ఉంటుంది. కూర్చుంటే కుట్టు పుటుక్కున తెగి ఉంటుంది. గుడ్డ పాడయింది. గుడ్డ డబ్బులు తిరిగి ఇచ్చుకోవాల్సి వచ్చింది. నాలుగు రోజుల కూలి పోయినట్టే. ఆ భయం అట్లాగే ఉండిపోతుంది.

వేసుకున్న పిల్ల మాటేమిటి? ఆ పిల్ల అద్దంలో చూసుకుంటుంది. "నా ఒళ్లే బాగాలేదు. నాకు ప్యాంట్లు నప్పవు" అనుకుంటుంది. మళ్లీ అడగదు.

కుట్టిన అక్కకు చెయ్యి తిరగక కాదు. ఆ పిల్ల ఒళ్లు బాగాలేకా కాదు. తీసుకున్న కొలతలు చాలలేదు. రెండు కొలతలు తీసుకుని ప్యాంటు కత్తిరించారు. ప్యాంటుకు ఎనిమిది కావాలి. ఆ ఎనిమిదీ ఏమిటో, ఎందుకో చూద్దాం.

చీరకు లేని చిక్కు ప్యాంటుకు ఎందుకు?

చీరకు కొలత లేదు. అయిదున్నర మీటర్ల బట్ట. సన్నగా ఉన్నామె కుచ్చిళ్లు ఎక్కువ పోస్తుంది. లావుగా ఉన్నామె తక్కువ పోస్తుంది. ఒకే చీర తల్లీ కడుతుంది, కూతురూ కడుతుంది. ఒంటికి తగ్గట్టు సర్దేది కుచ్చిళ్లే.

సల్వారు పంజాబు వైపు నుంచి వచ్చిన దుస్తు. దానికీ పైన కుచ్చులు ఉంటాయి. పటియాలా సల్వారుకు ఇంకా ఎక్కువ. బొందు లాగి కడితే నడుము సరిపోతుంది. కొలత ఒక అంగుళం అటూ ఇటూ అయినా కుచ్చులు దాచేస్తాయి.

చుడీదారు కాలికి అతుక్కుని ఉంటుంది. హైదరాబాదులో పెళ్లికూతుళ్లు ఖడా దుపట్టాతో వేసుకునేది ఇదే. అంత బిగుతుగా ఉన్నా మోకాలు మడిస్తే చిరగదు. ఎందుకు? ఒక చేతిరుమాలు తీసుకోండి. అంచు వెంబడి పట్టి లాగండి. సాగదు. అక్కడ పడుగు పోగులో, పేక పోగులో గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఇప్పుడు ఎదురు మూలలు రెండూ పట్టి లాగండి. సాగుతుంది. చుడీదారును ఇట్లా ఏటవాలుగా, అంటే క్రాసులో కత్తిరిస్తారు. సాగే గుణం అక్కడ కాపాడుతుంది.

ప్యాంటుకు కుచ్చిళ్లు లేవు. క్రాసు కటింగూ లేదు. పోగు నిలువుగా ఉంటుంది. సాగదు. దాచడానికి ఏమీ లేదు. కాబట్టి ఒంటి ఆకారం ఎట్లా ఉందో గుడ్డకు ముందే చెప్పాలి. ఆ చెప్పేది కొలత.

బిందె చెప్పే పాఠం

ఇంట్లో బిందె ఉంది కదా. దాని చుట్టూ ఒక న్యూస్‌పేపరు చుట్టండి. పొట్ట దగ్గర కాగితం సరిగ్గా ఆనుతుంది. మెడ దగ్గర వదులుగా నిలబడుతుంది. ఆ వదులును పట్టి మడత పెడితే కాగితం మెడకూ ఆనుతుంది. జాకెట్టులో డాట్ వేసేది ఇందుకే. ప్యాంటు నడుము దగ్గర డాట్ వేసేదీ ఇందుకే. చదునుగా ఉన్న గుడ్డను గుండ్రటి ఒంటికి సరిపెట్టే మడత అది.

అన్ని బిందెలూ ఒక్కలాగా ఉండవు. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ఒకదానికి పొట్ట పైన ఉంటుంది, ఒకదానికి కింద ఉంటుంది. ఏ బిందెనూ తప్పు బిందె అనం. మూతను బిందెకు తగ్గట్టు చూసుకుంటాం. బిందెను మూతకు తగ్గట్టు సొట్టలు పెట్టం.

ముగ్గురికీ 40, ముగ్గురికీ వేరు ప్యాంటు

ఒక కుట్టుమిషను దగ్గరకు ముగ్గురు వచ్చారు అనుకుందాం. ముగ్గురికీ సీటు చుట్టుకొలత 40 అంగుళాలు. సీటు అంటే తుంటి దగ్గర అన్నిటికన్నా వెడల్పయిన చోటు.

మొదటి ఆమెకు సీటు వెనక నిండుగా ఉంది. పొట్ట లేదు.

రెండో ఆమెకు ఇద్దరు పిల్లలు. కాన్పుల తర్వాత పొట్ట ముందుకు వచ్చింది. సీటు మామూలుగా ఉంది.

మూడో ఆమెకు సీటు వెనక చదునుగా ఉంది. వెడల్పు పక్కలకు ఉంది.

టేపు చుట్టి చూస్తే మూడు సార్లూ 40 అనే చెప్తుంది. ఆ 40లో ఎంత ముందు ఉంది, ఎంత వెనక ఉంది అన్నది టేపు చెప్పదు. ఒకే కాగితం పెట్టి ముగ్గురికీ కత్తిరిస్తే ఏమవుతుంది? మొదటి ఆమె కూర్చున్నప్పుడు నడుము వెనక కిందికి జారుతుంది. రెండో ఆమెకు ముందు పట్టేస్తుంది. మూడో ఆమెకు సీటు కింద గుడ్డ సంచిలా వేలాడుతుంది.

బజారులో కొనే రెడీమేడ్ ప్యాంటుకు కూడా ఇదే చిక్కు. ఎం, ఎల్, ఎక్స్‌ఎల్ అని రాసి ఉంటుంది. ఆ అక్షరం ముందు సంగతి, వెనక సంగతి చెప్పదు.

పెద్ద పెద్ద దేశాలు కూడా ఈ చిక్కుతో కుస్తీ పట్టాయి. అమెరికాలో 1939, 1940 సంవత్సరాల్లో ప్రభుత్వ వ్యవసాయ శాఖ వాళ్లు దాదాపు 15,000 మంది ఆడవాళ్లను కొలిచారు. ఒక్కొక్కరికి 59 కొలతలు తీశారు. బట్టల కంపెనీలకు పనికి వచ్చే సైజులు తయారు చేయాలని వాళ్ల ఉద్దేశం. 1941లో ఆ కొలతల పుస్తకం అచ్చయింది. మనిషి ఎత్తు తెలిసినంత మాత్రాన చుట్టుకొలత చెప్పలేమని వాళ్లకు తెలిసివచ్చింది. పైగా ఆ పుస్తకానికి తెల్లజాతి ఆడవాళ్ల కొలతలే తీసుకున్నారు. మిగతావాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత 1958లో అక్కడ ఆడవాళ్ల సైజుల పట్టిక ఒకటి పెట్టారు. 1983లో దాన్ని తీసేశారు.

మన దేశంలో కూడా నిఫ్ట్ అనే ప్రభుత్వ సంస్థ ఇట్లాంటి పని తలపెట్టింది. బట్టల తయారీలో చదువు చెప్పే సంస్థ ఇది. ఆరు నగరాల్లో 25,000 మందిని కొలవాలని అనుకున్నారు. ఆ ఆరింటిలో హైదరాబాదు ఒకటి. బయటి దేశాల సైజులు మన ఒళ్లకు కుదరవని తెలిసే ఈ పని మొదలుపెట్టారు.

అంతమందిని కొలిచి వేసిన పట్టిక కూడా ఎదురుగా నిలబడ్డ ఒక్క మనిషికి అతికినట్టు సరిపోతుందన్న నమ్మకం లేదు. ఊళ్లో టేపు పట్టుకున్న అక్కకు ఆ చిక్కు లేదు. కొలవాల్సిన మనిషి ఆమె ఎదురుగానే ఉంది.

ఎనిమిది కొలతలు

కొలిచే ముందు నడుముకు ఒక బొందు కట్టించాలి. నడుము ఎక్కడ? పక్కకు వంగితే మడత పడే చోటు. బొందు అక్కడ ఉంటే అన్ని కొలతలూ ఒకే చోటు నుంచి మొదలవుతాయి.

1. నడుము చుట్టు. బొందు మీదుగా కొలవాలి. ఊపిరి బిగబట్టమని చెప్పకూడదు. పొట్ట లోపలికి పీల్చమని చెప్పకూడదు.

2. సీటు చుట్టు. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడాలి. టేపు నేలకు సమానంగా ఉండాలి. వెనక కిందికి జారకూడదు. అన్నిటికన్నా వెడల్పయిన చోట కొలవాలి.

3. సీటు లోతు. గట్టి స్టూలు మీద కూర్చోబెట్టాలి. నులక మంచం మీద వద్దు, అది కుంగుతుంది. పక్కన బొందు నుంచి స్టూలు దాకా కొలవాలి.

4. ముందు నుంచి వెనకకు. నడుము ముందు బొందు నుంచి, కాళ్ల మధ్యగా, నడుము వెనక బొందు దాకా. కాళ్ల మధ్య గుర్తు పెట్టుకుని ముందు ఎంత, వెనక ఎంత అని వేరువేరుగా రాయాలి.

5. తొడ చుట్టు. పై భాగంలో, లావుగా ఉన్న చోట.

6. మోకాలి చుట్టు. కూర్చుని మోకాలు మడిచి కొలవాలి. మడిచినప్పుడు మోకాలు పెరుగుతుంది.

7. పొడవు. పక్కన బొందు నుంచి చీలమండ దాకా, లేదా వాళ్లు ఎంతవరకు అడిగితే అంతవరకు.

8. అడుగు చుట్టు. ప్యాంటు చివర ఎంత వెడల్పు కావాలో అది. సన్నగా కావాలంటే మడమ మీదుగా పాదం చుట్టూ కొలవాలి. పాదం దూరకపోతే ప్యాంటు ఎక్కదు.

నాలుగో కొలత చాలామంది తీసుకోరు. సిగ్గుపడి వదిలేస్తారు. ప్యాంటు పాడయ్యేది అక్కడే. అందుకు ఒక ఉపాయం ఉంది. టేపు కొలిపించుకునే ఆమె చేతికే ఇవ్వాలి. ఆమే పట్టుకుంటుంది. కుట్టే అక్క పక్కన నిలబడి అంకెలు చదివితే చాలు. తలుపు దగ్గరకు వేసి కొలవాలి. కొలిచేటప్పుడు "అబ్బో, ఇంత లావు ఉన్నావే" అనే మాట నోట రాకూడదు. అంకె చదవాలి, పుస్తకంలో రాయాలి. అంతే.

టేపు మడిస్తే లెక్క వస్తుంది

కొలతలు వచ్చాయి. ఇప్పుడు భాగాలు చేయాలి. భాగహారం అంటే భయపడక్కర్లేదు. టేపే లెక్క చేసి పెడుతుంది.

సీటు 40 అంగుళాలు. టేపు మొదలును 40 మీద పెట్టి మడవండి. మడత దగ్గర 20 కనపడుతుంది. మళ్లీ మడవండి. 10. మళ్లీ మడవండి. 5. ఇంకోసారి మడవండి. రెండున్నర.

ఈ నాలుగు మడతల్లో చివరి మూడూ గుర్తు పెట్టుకోవాలి.

10 అంటే పావు భాగం. ఒక్కో ముక్క వెడల్పుకు ఇదే ఆధారం.

5 అంటే పావులో సగం. వెనక ముక్కకు కావాలి.

2½ అంటే దానిలో సగం. ముందు ముక్కకు కావాలి.

సీటు 36 అయితే 18, 9, 4½, 2¼ వస్తాయి. సీటు 44 అయితే 22, 11, 5½, 2¾ వస్తాయి. ఇంటికి పోయాక టేపు మడిచి చూడండి.

కాగితం మీద ముందు ముక్క

గుడ్డ మీద నేరుగా గీయొద్దు. న్యూస్‌పేపర్లు అతికించి పేపర్ కటింగ్ చేయాలి. కాగితం పాడైతే ఇంకో కాగితం ఉంటుంది. గుడ్డ పాడైతే డబ్బు పోతుంది.

ఉదాహరణకు సీటు 40, సీటు లోతు 10½, పొడవు 38, అడుగు చుట్టు 14 అనుకుందాం. నడుముకు ఎలాస్టిక్ వేస్తాం.

కాగితం మీద 38 అంగుళాల నిలువు గీత గీయాలి. ఇది పక్క కుట్టు.

పై నుంచి 11 అంగుళాల దగ్గర అడ్డగీత గీయాలి. సీటు లోతు 10½ కదా, 11 ఎందుకు? అర అంగుళం లూజు. లూజు లేకపోతే కాళ్ల మధ్య కోసుకుపోతుంది.

అడ్డగీత మీద 10½ అంగుళాలు కొలిచి గుర్తు పెట్టాలి. పావు భాగం 10, లూజు అర అంగుళం. పైన నడుము దగ్గర కూడా 10½. రెండు గుర్తులూ కలిపితే పెట్టెలాగా వస్తుంది.

అడ్డగీతను ఆ గుర్తు దాటి ఇంకో 2½ అంగుళాలు పొడిగించాలి. ఇది కాళ్ల మధ్యకు వెళ్లే ముక్క. చూడటానికి కొక్కెంలా ఉంటుంది కాబట్టి కొక్కెం అందాం. కొక్కెం చివర నుంచి పెట్టె గీత మీదికి గుండ్రంగా గీయాలి. అడ్డగీతకు మూడు నాలుగు అంగుళాల పైన ఆ గుండ్రం నిలువు గీతలో కలవాలి.

ఇప్పుడు కాలు. అడ్డగీత మొత్తం 13 అంగుళాలు అయింది. దాని మధ్య నుంచి కిందికి తిన్నని గీత గీయాలి. కింద ఆ గీతకు రెండు పక్కలా సమానంగా వెడల్పు పెట్టాలి. అడుగు చుట్టు 14లో సగం 7. ముందు ముక్కకు అర తగ్గించి 6½, వెనక ముక్కకు అర పెంచి 7½. మోకాలి దగ్గర కూడా ఇదే పద్ధతి. అక్కడ కొలిచిన చుట్టుకు రెండు అంగుళాల లూజు కలిపి సగం చేయాలి.

వెనక ముక్క ఎందుకు వేరు?

కుర్చీలో కూర్చుని చూడండి. ముందు పొట్ట దగ్గర మడతలు పడతాయి. వెనక మాత్రం ఒళ్లు సాగుతుంది. నిలబడ్డప్పుడు సరిపోయిన గుడ్డ కూర్చున్నప్పుడు వెనక చాలదు. అందుకే వెనక ముక్కకు రెండు మార్పులు.

ఒకటి, కొక్కెం 5 అంగుళాలు. ముందుదానికి రెట్టింపు.

రెండు, నడుము దగ్గర వెనక మధ్య మూల ముప్పావు అంగుళం లోపలికి జరగాలి, ఒకటిన్నర అంగుళం పైకి లేవాలి. అక్కడి నుంచి పక్క కుట్టు దాకా ఏటవాలుగా గీత గీయాలి.

మిగతా అంతా ముందు ముక్కలాగే.

ఒక మాట. ఎలాస్టిక్ వేసే ప్యాంటుకు నడుము దగ్గర మొత్తం వెడల్పు సీటు కన్నా తగ్గకూడదు. ముందు రెండు ముక్కలు 10½ చొప్పున 21. వెనక రెండు ముక్కలు 9¾ చొప్పున 19½. మొత్తం 40½. సీటు 40. కాబట్టి ఎక్కుతుంది. తగ్గితే తొడిగేటప్పుడు సీటు దగ్గరే ఆగిపోతుంది. నడుము బిగుతుగా, ఎలాస్టిక్ లేకుండా కావాలంటే జిప్పు పెట్టాలి, డాట్ వేయాలి.

ఆ ముగ్గురికి ఏం చేయాలి?

ఇప్పుడు ఆ ముగ్గురి దగ్గరకు వద్దాం. నాలుగో కొలత వాళ్ల గుట్టు విప్పుతుంది.

మొదటి ఆమెకు ముందు 12, వెనక 17, మొత్తం 29 వచ్చింది. అంటే వెనక నిండు ఉంది. వెనక కొక్కెం ముప్పావు అంగుళం పెంచాలి. వెనక నడుము ఇంకో ముప్పావు అంగుళం పైకి లేపాలి. వెనక ముక్క వెడల్పు 11 చేసి, ముందు ముక్క వెడల్పు 10 చేయాలి.

రెండో ఆమెకు ముందు 13, వెనక 15, మొత్తం 28 వచ్చింది. అంటే పొట్ట మీదుగా గుడ్డ పోవాలి. ముందు నడుము మధ్యలో ముప్పావు అంగుళం పైకి లేపాలి. ముందు ముక్క వెడల్పు 11, వెనక ముక్క 10. నడుము సీటు కన్నా చిన్నదని అనుకోవద్దు. పొట్ట ఉన్నామెకు పొట్ట చుట్టు కూడా కొలిచి చూసుకోవాలి.

మూడో ఆమెకు ముందు 12, వెనక 14, మొత్తం 26 వచ్చింది. వెనక కొక్కెం ముప్పావు అంగుళం తగ్గించాలి. వెనక నడుము ఒకటిన్నర బదులు ముప్పావు అంగుళమే లేపాలి.

చూశారా? ముగ్గురికీ సీటు దగ్గర గుడ్డ మొత్తం 42 అంగుళాలే. ఒంటికి 40, లూజుకు 2. మొత్తం మారలేదు. ఆ గుడ్డ ఎక్కడ ఉండాలో ఆ చోటు మారింది.

తొడలు లోపలి వైపు నిండుగా ఉన్నవాళ్లకు ముందు కొక్కెం, వెనక కొక్కెం రెండూ పావు నుంచి అర అంగుళం దాకా పెంచాలి. అడ్డగీత దగ్గర ముందు వెడల్పు, వెనక వెడల్పు కలిపి చూడాలి. అది తొడ చుట్టు కన్నా కనీసం రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి.

కత్తెర పెట్టే ముందు పరీక్ష

కాగితం మీద టేపును నిలబెట్టి, గుండ్రపు గీత వెంబడి కొలవండి. ముందు ముక్కది, వెనక ముక్కది కలపండి. నాలుగో కొలతతో పోల్చండి. సమానంగా గానీ, అర అంగుళం నుంచి అంగుళం దాకా ఎక్కువగా గానీ ఉంటే మంచిది. తక్కువగా ఉంటే కత్తెర పెట్టొద్దు. కాగితం దిద్దుకోండి. ఈ ఒక్క పరీక్ష ఎన్నో గుడ్డల్ని కాపాడుతుంది.

కాటన్ గుడ్డ అయితే ముందు తడిపి ఆరేయాలి. కుట్టాక ఉతికితే గుడ్డ కుంచించుకుపోతుంది, ప్యాంటు పొట్టి అవుతుంది. కాగితాన్ని గుడ్డ మీద పెట్టేటప్పుడు కాలి మధ్య గీత గుడ్డ అంచుకు సమానంగా ఉండాలి. పోగు వంకర అయితే కాలు మెలి తిరుగుతుంది.

కాగితం చుట్టూ కుట్టుకు గుడ్డ వదలాలి. పక్కలకు ముప్పావు అంగుళం. వెనక మధ్యలో ఒక అంగుళం. పైన ఎలాస్టిక్ మడతకు, కింద మడతకు రెండేసి అంగుళాలు. వెనక ఎక్కువ ఎందుకు? రేపు ఒళ్లు పెరిగితే విప్పి వదులు చేయొచ్చు. 44 అంగుళాల పన్నా గుడ్డ రెండుంపావు మీటర్లు ఉంటే ఈ కొలతకు సరిపోతుంది.

మొదటిసారి కుట్టేవాళ్లు పాత దుప్పటి గుడ్డతో ఒకటి కుట్టి చూడాలి. పెద్ద పెద్ద కుట్లు వేస్తే చాలు. అది వేసుకుని నిలబడాలి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. గొంతుక్కూర్చోవాలి. బస్సు ఎక్కినట్టు కాలు పైకి ఎత్తాలి. మనం చేసే పనులు ఇవి. అద్దం ముందు నిలబడితే బాగుండి, నేల మీద కూర్చుంటే చిరిగే ప్యాంటు మనకెందుకు?

ముడతలు మాట్లాడతాయి

కుదరని ప్యాంటులో ముడతలు ఊరికే పడవు. లోపం ఎక్కడ ఉందో అవే చూపిస్తాయి.

కాళ్ల మొదలు నుంచి పక్కలకు మీసాల్లా ముడతలు పోతే, అక్కడ గుడ్డ చాలలేదు. కొక్కెం పెంచాలి.

సీటు కింద అడ్డంగా మడతలు వేలాడితే, వెనక గుడ్డ ఎక్కువైంది. వెనక కొక్కెం, వెనక ఎత్తు తగ్గించాలి.

కూర్చుంటే నడుము వెనక కిందికి జారితే, వెనక ఎత్తు చాలలేదు. పెంచాలి.

నిలబడితే ముందు నడుము కిందికి లాగితే, పొట్టకు ఎత్తు చాలలేదు. ముందు పెంచాలి.

కాళ్ల మధ్య గుడ్డ కిందికి వేలాడి, అడుగు వేస్తే అడ్డం పడితే, సీటు లోతు ఎక్కువైంది. అడ్డగీత పైకి జరపాలి.

సీటు దగ్గర పక్క నుంచి పక్కకు బిగుసుకుపోతే, వెడల్పు చాలలేదు. పక్క కుట్లు వదలాలి.

ఇక్కడ ఒక్క ముడతకు కూడా "మనిషి సన్నబడాలి" అనే మందు లేదు. అన్ని మందులూ కాగితం మీదే ఉన్నాయి.

కొలతల పుస్తకం

చివరి మాట పుస్తకం గురించి. ప్రతి మనిషికీ ఒక పేజీ పెట్టాలి. పైన పేరు, తేదీ రాయాలి. కింద ఎనిమిది కొలతలు వరసగా రాయాలి. దాని కింద ఏం మార్చారో రాయాలి. "వెనక కొక్కెం ముప్పావు పెంచాం" అని ఒక్క ముక్క రాస్తే చాలు. కాగితం ముక్కల మీద పేరు రాసి, మడిచి అదే పేజీలో పెట్టాలి.

తేదీ ఎందుకు? ఒళ్లు ఒక్క తీరుగా ఉండదు. కాన్పు అయితే మారుతుంది. జబ్బు చేస్తే మారుతుంది. వయసుతో మారుతుంది. పెరిగే పిల్లకు ఆరు నెలలకే మారుతుంది. పాత కొలత మీద కొత్త గుడ్డ కత్తిరించొద్దు.

జ్ఞాపకంలో పెట్టుకుంటే పదిమంది కొలతలు కలిసిపోతాయి. పుస్తకంలో పెట్టుకుంటే వంద మందివి కూడా వేరువేరుగా ఉంటాయి. రాసుకునే చెయ్యికి గుడ్డ పాడయ్యే భయం తగ్గుతుంది. భయం తగ్గితే "ప్యాంటు నా వల్ల కాదు" అనే మాట పోతుంది. వచ్చిన పని చేతిలో నిలుస్తుంది.

ఇక మీద ఏ పిల్లయినా వచ్చి "నాకు ప్యాంట్లు నప్పవు" అంటే, "ముందు కొలుద్దాం రా తల్లీ" అనండి.

చేసి చూడండి

1. మీ సీటు చుట్టు ఎంత? టేపు మడిచి పావు, పావులో సగం, దానిలో సగం రాయండి.

2. మీ ఇంట్లో ఇద్దరి కొలతలు తీసుకోండి. వాళ్ల నాలుగో కొలతలో ముందు ఎంత, వెనక ఎంత?

3. మీ ఇంట్లో ఉన్న పాత ప్యాంటు ఒకటి వేసుకుని చూడండి. ముడతలు ఎక్కడ పడ్డాయి? అవి ఏం చెప్తున్నాయి?

4. చీరకు కొలత ఎందుకు అక్కర్లేదు? ప్యాంటుకు ఎందుకు కావాలి? మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి.